అండమాన్‌లో ఇంటిల్లిపాదికీ బోటు మాట్లాడుకోవడం ఎలా

హావ్‌లాక్ దీవికి వెళ్ళే కుటుంబాలు విమానం, ఫెర్రీ, హోటలు ముందే బుక్ చేసుకుంటాయి. బోటు సంగతి మాత్రం అక్కడికెళ్ళాక చూద్దాంలే అని వదిలేస్తాయి. ఇద్దరో ముగ్గురో వెళ్తుంటే అలా నడిచిపోతుంది. పన్నెండు, పద్నాలుగు మంది బయల్దేరి, అందులో మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ, నాలుగేళ్ళ మనవడు ఉంటే నడవదు.

మేము మొదటిసారి వెళ్ళినప్పుడు మూడు కుటుంబాలం, పద్నాలుగు మందిమి. ఫోన్లో ఒక ఏజెంటుతో మాట్లాడి సగం డబ్బు ముందే పంపాం. పొద్దున్నే జెట్టీకి వెళ్తే, చెప్పిన బోటు లేదు. దానికన్నా చిన్నది, పైన నీడ లేనిది వచ్చింది. పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఒక్కటీ లేదు. "పెద్దవాళ్ళవే తాడుతో బిగించి కడతాం" అన్నాడు బోటు మీదున్న అబ్బాయి. మా బావగారు ఇంకో మాట లేకుండా "ఎవరూ ఎక్కొద్దు" అన్నారు. అడ్వాన్సు పోయింది, పిల్లలు ఏడ్చారు. అయినా ఆ రోజు వెనక్కి తిరిగి రావడమే మేము చేసిన మంచి పని. మర్నాడు మేమే జెట్టీ దగ్గర తిరిగి, ఒక సరంగుతో, అంటే బోటు నడిపే మనిషితో, నేరుగా మాట్లాడుకుని వెళ్ళాం. మా అమ్మ ఆ ప్రయాణం గురించి ఇప్పటికీ చెప్తూ ఉంటుంది.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: బోటుని చూసి కాదు, దాన్ని నడిపే మనిషిని చూసి మాట్లాడుకోండి. ధర ఆ తర్వాత.

ముందు మనుషుల లెక్క

పేర్లు మారాయి కాబట్టి ముందే చెప్తున్నాను. హావ్‌లాక్‌ని 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ దీవిని షహీద్ ద్వీప్ అనీ మార్చారు. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం. టికెట్ల మీద ఏ పేరైనా కనపడొచ్చు, కంగారు పడకండి.

ఇక ఒక కాగితం తీసుకుని వచ్చేవాళ్ళందరి పేర్లూ, వయసులూ రాయండి. చంకనెత్తుకునే పాపని కూడా ఒక మనిషిగానే రాయండి. బోటు మోయగలిగే లెక్కలో పాప కూడా ఉంటుంది. ప్రతి పేరు పక్కన మూడు విషయాలు: ఈత వచ్చా, బస్సులో వాంతులయ్యే అలవాటు ఉందా, మెట్లు ఎక్కి దిగగలరా. పిల్లల బరువు కూడా రాయండి, ఎందుకంటే వాళ్ళ జాకెట్లు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి వస్తాయి.

ఈ కాగితం చూస్తే మీకు ఎలాంటి రోజు కావాలో తెలిసిపోతుంది. అందరిలోకీ పెద్దావిడ, అందరిలోకీ చిన్నవాడు ఎంతసేపు హాయిగా ఉండగలరో అంతే మీ ప్రయాణం. మా అనుభవంలో అది మూడు గంటలు, మహా అయితే నాలుగు. గర్భిణులు, ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు ఒడ్డునే ఉండటం మంచిది. అల మీద బోటు ఎగిరి పడితే వెన్నుకి గట్టి దెబ్బ తగులుతుంది. వాళ్ళకి తోడుగా ఒకరిని ముందే అనుకోండి, లేకపోతే జెట్టీ మీద ఆ చర్చ మొదలవుతుంది.

ఎక్కడికి?

కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి ఎలిఫెంట్ బీచ్ సరైన చోటు. హావ్‌లాక్ జెట్టీ నుంచి బోటులో ఇరవై నిమిషాల నుంచి అరగంట. అక్కడ ఒడ్డుకి దగ్గరలోనే, లోతు లేని నీళ్ళలో పగడాలు కనిపిస్తాయి. మనిషికింత అని టికెట్టు మీద నడిచే బోట్లు అక్కడ మామూలే. మీ గుంపు పెద్దదైతే ఒక బోటు మొత్తం మీకే మాట్లాడుకోవచ్చు. లాభం డబ్బులో కాదు, టైములో. పిల్లాడికి ఆకలేస్తే మీరు అనుకున్నప్పుడు వెనక్కి రావచ్చు.

పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండిపోయేవాళ్ళకి వండూరు నుంచి జాలీ బాయ్ వెళ్ళే బోట్లున్నాయి. అది మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది, సోమవారం సెలవు. ఏడాదిలో కొన్ని నెలలు జాలీ బాయ్ మూసి, రెడ్ స్కిన్ దీవికి పంపుతారు. ప్లాస్టిక్ అస్సలు ఒప్పుకోరు.

బ్యారన్ ఐలాండ్ గురించి యువకులు అడుగుతారు. మన దేశంలో బద్దలవుతూ ఉండే అగ్నిపర్వతం అదొక్కటే, చూడాలనిపించడం సహజం. కానీ దీవి మీద దిగనివ్వరు, దూరం నుంచే చూడాలి. పైగా రానూ పోనూ గంటల తరబడి నడిసముద్రంలో ప్రయాణం. పెద్దవాళ్ళనీ పిల్లలనీ అందులో పెట్టకండి. వెళ్ళాలనుకున్న నలుగురూ వేరే రోజు వెళ్ళొచ్చు.

ఏ రోజు?

దిగిన రోజు వద్దు. తిరుగు విమానానికి ముందు రోజు అసలే వద్దు. హావ్‌లాక్‌లో కనీసం మూడు రాత్రులు ఉండి, మధ్య రోజున బోటు పెట్టుకోండి. ఆ మర్నాడు ఖాళీగా ఉంచండి. గాలి ఎక్కువై బోట్లు ఆపేస్తే మీకు ఇంకో రోజు ఉంటుంది. ఆ ఖాళీ రోజు లేని కుటుంబాలే "ఏం కాదులే, వెళ్దాం" అంటాయి. నా భయం ఆ మాటకే.

నైరుతి రుతుపవనాలున్న మే చివరి నుంచి సెప్టెంబరు దాకా పెద్ద గుంపుతో బోటు పెట్టుకోకండి. నవంబరు, డిసెంబరుల్లో బాగానే ఉంటుంది కానీ బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టే కాలం అది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా సముద్రం చాలావరకు నెమ్మదిగా ఉంటుంది.

టైము విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. అండమాన్ మనకి చాలా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. చలికాలంలో తెల్లవారుజామున ఐదున్నరకే వెలుతురొస్తుంది, సాయంత్రం ఐదున్నర కల్లా చీకటి పడుతుంది. మన ఊళ్ళో లాగా నాలుగింటికి షికారు బయల్దేరితే తిరుగు ప్రయాణం చీకట్లోనే. పొద్దున ఏడు, ఏడున్నరకి బయల్దేరండి. గాలి కూడా సాధారణంగా ఆ వేళ తక్కువ.

తర్వాత ఆటుపోట్లు. పాటు బాగా లాగినప్పుడు హావ్‌లాక్‌లో కొన్ని ఒడ్డుల దగ్గర నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి పగడపు రాళ్ళు తేలతాయి. బోటు దగ్గరికి రాలేదు, ఆ రాళ్ళ మీద ముసలివాళ్ళు నడవలేరు. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఈ తేడా ఇంకా ఎక్కువ. ఇంట్లో క్యాలెండర్లో తిథి చూసుకుంటే ఒక అంచనా వస్తుంది. ఇవాళ పోటు వచ్చిన వేళ కన్నా రేపు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. సరైన టైము మాత్రం సరంగునే అడగండి, వాళ్ళకి నోటికి వచ్చు.

సరంగుతో మాట్లాడటం

గోదావరి లాంచీ నడిపేవాళ్ళని సరంగు అంటాం, అదే మాట ఇక్కడ వాడుతున్నాను. హావ్‌లాక్‌లో స్థిరపడినవాళ్ళలో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు. బెంగాలీ, హిందీ మాట్లాడతారు. వచ్చీరాని హిందీ అయినా సరిపోతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వైపు అయితే మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తెలుగులో పలకరిస్తే ఎంత ఆప్యాయంగా మాట్లాడతారో. అక్కడ ఒక్కసారి "బాబాయ్, రేపు గాలి ఎలా ఉంటుంది?" అని అడిగి చూడండి, ఏ యాప్ చెప్పనంత చెప్తారు.

బోటుని ముందు రోజు సాయంత్రమే వెళ్ళి కళ్ళతో చూడండి. ఫోటో చూసి డబ్బు పంపొద్దు. బోటు పక్కన రిజిస్ట్రేషన్ నంబరు రాసి ఉందా, ఎంతమందికి అనుమతి ఉంది, ఆ కాగితం ఉందా అని అడగండి. పన్నెండు మందికే అనుమతి ఉండి మీరు పద్నాలుగు మంది అయితే రెండు బోట్లు మాట్లాడుకోండి. "ఇద్దరు చిన్నపిల్లలే కదా, సర్దుకుందాం" అన్న మాట వాళ్ళ నోటి నుంచి వచ్చినా, మన నోటి నుంచి వచ్చినా ఆ బేరం అక్కడితో ఆపేయండి. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గరలోనే పరిమితికి మించి ఎక్కించుకున్న టూరిస్టు బోటు మునిగి 21 మంది పోయారు. మనకైతే ఇంకా దగ్గరి గాయాలున్నాయి. 2017 కార్తీక మాసంలో కృష్ణ మీద పవిత్ర సంగమం దగ్గర తిరగబడింది అనుమతి లేని బోటు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటు గోదావరి వరద మీద ఉండగా బయల్దేరింది. ఆ బోట్లలో ఎక్కినవాళ్ళు కూడా మనలాగే కుటుంబాలతో సరదాగా వెళ్ళినవాళ్ళే. అందుకే ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి.

నేను అడిగేవి ఇవి. "రేపు బోటు మీరే నడుపుతారా, ఇంకెవరైనా వస్తారా?" "మీతో పాటు సాయానికి ఎవరున్నారు?" "ఇంజన్ నడిసముద్రంలో ఆగిపోతే ఏం చేస్తారు?" మూడో ప్రశ్నకి మంచి సరంగు నవ్వి ఊరుకోడు. రెండో ఇంజన్ చూపిస్తాడు, లేదా లంగరు, రేడియో చూపించి ఎవరిని పిలుస్తాడో చెప్తాడు. మాతో వచ్చినాయన అయితే అడగకముందే "గాలి పెరిగితే నేను వెనక్కి తిప్పేస్తాను, అప్పుడు గొడవ పెట్టుకోకూడదు" అన్నాడు. ఆ మాటతోనే ఆయన్ని ఖాయం చేసుకున్నాం.

ఇంకో రెండు విషయాలు అడగడం చాలామంది మర్చిపోతారు. ఒకటి, ఒడ్డుకి ఎలా దింపుతారు? చాలాచోట్ల బోటు ఇసుక దాకా రాదు. మోకాలి లోతు నీళ్ళలోకి నిచ్చెన మీద నుంచి దిగాలి. అమ్మమ్మకి అది కుదరకపోతే తేలే జెట్టీ ఉన్న చోటు చూడండి, లేదా ఇద్దరు చేయి పట్టుకుని దింపేలా మాట్లాడుకోండి. రెండు, టాయిలెట్. డోంగీ అనే చిన్న బోట్లలో ఉండదు, స్పీడు బోట్లలో కూడా చాలావాటిలో ఉండదు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి, ఆడవాళ్ళకి ఇది పెద్ద విషయం. దిగే చోట ఏ సౌకర్యం ఉందో ముందే తెలుసుకుని ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పండి. చెప్పకపోతే నీళ్ళు తాగడం మానేసి ఎండలో కూర్చుంటారు, అది ఇంకా ప్రమాదం.

లైఫ్ జాకెట్లు అక్కడే వేసి చూడండి. పిల్లలకి బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే అది ఆ పిల్లకి పనికిరాదు, నీళ్ళలో పడితే జాకెట్ తేలుతుంది, పిల్ల జారిపోతుంది. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే మేలు. బకిల్స్ విరిగాయా, లోపలి స్పాంజి పిండిలా రాలుతోందా చూడండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే వాళ్ళ సైజు జాకెట్ ఊళ్ళోనే కొని తీసుకెళ్ళడం ఇంకా నయం. మేము రెండోసారి అలాగే చేశాం.

బేరం, డబ్బు

ధర సీజన్ని బట్టి మారుతుంది కాబట్టి అంకె చెప్పను, లెక్క ఎలా వేసుకోవాలో చెప్తాను. బోటుకి ఎంత అని కాకుండా, ఎన్ని గంటలకి ఎంత, ఆగి ఉన్న టైముకి వేరే ఉందా, డీజిల్ అందులోనేనా, స్నార్కెలింగ్ (నీళ్ళ మీద తేలుతూ పగడాలు చూడటం) సామాను, గైడు కలిపా, ఏవైనా ప్రవేశ రుసుములుంటే ఎవరు కట్టాలి అని విడివిడిగా అడగండి. ఆ మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగించి, టికెట్టు బోటు ధరతో పోల్చుకోండి. ఇద్దరు సరంగుల మధ్య తేడా కొద్దిగానే ఉంటే మంచి జాకెట్లు ఉన్న ఆయనకే ఇవ్వండి.

మాట అయిపోయాక వాట్సాప్‌లో ఇలా పంపండి: "రేపు పొద్దున 7 గంటలకి హావ్‌లాక్ జెట్టీ. బోటు నంబరు ఇది. 12 మందిమి, అందులో పిల్లలు 4. ఎలిఫెంట్ బీచ్, మొత్తం 4 గంటలు. డీజిల్, జాకెట్లు, స్నార్కెలింగ్ కలిపి ఇంత. అడ్వాన్సు ఇంత ఇచ్చాం. గాలివల్ల ఆగిపోతే తర్వాతి రోజు తీసుకెళ్తారు, లేదా అడ్వాన్సు వెనక్కి ఇస్తారు." అతనికి అర్థమయ్యే భాషలో రాసి, సరే అని జవాబు తీసుకోండి. మొదటిసారి మేము చేయని పని ఇదే. అడ్వాన్సు నాలుగో వంతు మించి ఇవ్వకండి. దీవిలో నెట్‌వర్క్ ఒక్కోసారి ఉండదు, యూపీఐ నమ్ముకోకుండా కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

కుటుంబాల మధ్య డబ్బు లెక్క కూడా ఊళ్ళోనే తేల్చుకోండి. మేము పెద్దవాళ్ళ ఖర్చు మూడు కుటుంబాలం సమానంగా పంచుకుని, మిగిలింది మనిషి లెక్కన వేసుకున్నాం. ఎవరికీ ఇబ్బంది లేకుండా పోయింది.

వెళ్ళే రోజు

లేవగానే వాతావరణ శాఖ సూచన చూడండి. మత్స్యకారులకి హెచ్చరిక ఉంటే ఆ రోజు ప్రయాణం లేదు. గాలి పది నాట్ల (గంటకి సుమారు పద్దెనిమిది కిలోమీటర్ల) లోపు ఉంటే పిల్లలతో హాయిగా వెళ్ళొచ్చు. పదిహేను దాటితే నేనైతే వెళ్ళను. లెక్కలు తెలియకపోయినా ఒడ్డున నిలబడి చూడండి. దూరాన అలల తలల మీద తెల్లటి నురగ ఎక్కడ చూసినా కనిపిస్తుంటే ఆగండి.

పొద్దున పూరీ, వడ తినిపించకండి. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు మాత్ర గంట ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు. పిల్లలకీ, బీపీ షుగర్ మందులు వాడేవాళ్ళకీ ఏ మాత్ర సరిపోతుందో ఊళ్ళోనే డాక్టరుని అడిగి తెచ్చుకోండి. బోటులో వాళ్ళని మధ్యకో, వెనక్కో కూర్చోబెట్టండి, ముందు భాగం ఎక్కువ ఎగురుతుంది. ఫోను చూడొద్దు, దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతని చూడమనండి.

అమ్మకి చీర మీద జాకెట్ బిగించడం కష్టం, తడిస్తే చీర కాళ్ళకి చుట్టుకుంటుంది. కాటన్ పంజాబీ డ్రెస్సు వేసుకోమనండి. మా అమ్మ మొదట వద్దంది, తర్వాత అదే హాయిగా ఉందంది. అందరికీ వెనక పట్టీ ఉన్న చెప్పులు, చచ్చిన పగడాలు బ్లేడులా కోస్తాయి. పులిహోర, నీళ్ళు స్టీలు డబ్బాల్లో. ఫోన్లకి నీళ్ళు చొరబడని సంచి. అమెరికా నుంచి వచ్చిన బంధువులుంటే పాస్‌పోర్టు వెంట ఉంచుకోమనండి, సాటిలైట్ ఫోను, డ్రోను తేవద్దని ముందే చెప్పండి.

ఎక్కేముందు ఒక్కో పిల్లకి ఒక్కో పెద్దమనిషిని అప్పజెప్పండి, పేరు పెట్టి. "అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూడరు. నీళ్ళలో ఉన్నంతసేపూ ఆ మనిషి పని అదే, ఫోటోలు ఇంకెవరైనా తీస్తారు. జాకెట్ ఊపిరాడనట్టు ఉంది, ఉక్కగా ఉంది అని విప్పేసే మామయ్య ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆయనకి పిల్లల చేత చెప్పించండి, వింటారు.

డాల్ఫిన్ కనిపించిందని అందరూ ఒక్కసారిగా ఒక పక్కకి పరిగెత్తకూడదు. బోటు ఒరిగేది అలాగే. ఇంజన్ పూర్తిగా ఆగిందని సరంగు చెప్పేదాకా ఎవరూ నీళ్ళలోకి దిగొద్దు, తిరిగి ఎక్కేటప్పుడూ అంతే. పగడాల మీద నిలబడొద్దు, ముట్టుకోవద్దు. పిల్లలు ఏరిన పగడం ముక్కలు సంచిలో పెట్టుకోనివ్వకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, ఎయిర్‌పోర్టులో సంచులు చూస్తారు.

ఒడ్డున ఉండిపోయినవాళ్ళకి బోటు నంబరు, సరంగు ఫోను, తిరిగొచ్చే టైము రాసిచ్చి వెళ్ళండి. చెప్పిన టైముకి గంట దాటినా రాకపోతే, ఫోను కలవకపోతే, వాళ్ళు జెట్టీలో చెప్పాలి. సముద్రంలో ఆపదకి కోస్ట్ గార్డ్ నంబరు 1554. అందరి ఫోన్లలో ఊళ్ళోనే ఎక్కించేయండి.

తిరిగి వచ్చాక జెట్టీ మీదే తలలు లెక్కపెట్టండి, తర్వాత జాకెట్లు ఇవ్వండి, మిగిలిన డబ్బు ఇవ్వండి. నిచ్చెన దగ్గర అమ్మమ్మ చేయి పట్టుకున్న కుర్రాడికి విడిగా ఏదైనా చేతిలో పెట్టండి. సరంగు నంబరుని పేరుతో పాటు బోటు నంబరు కూడా కలిపి సేవ్ చేసుకోండి. వచ్చే ఏడాది పిన్నీవాళ్ళు బయల్దేరినప్పుడు ముందు మీకే ఫోన్ చేస్తారు.